మూటలో మొలక

ఆ చీర వద్దు అమ్మమ్మా. మడత ఇప్పకు, వద్దంటున్న గదా. నిన్న సుల్తాన్ బజార్ల కాళ్ళు గుంజేదాక తిరిగి తెచ్చిన నేనే చెప్తున్న, పెట్టెల పెట్టు.

నాకు ఇష్టం లేక కాదు. పొద్దున వచ్చి నీకు దండం పెట్టింది చూడు, దమయంతి మేడం, మండలికి ఉపాధ్యక్షురాలు. నిన్ను చూసి పోతపోత మెట్ల దగ్గర నన్ను పక్కకు పిలిచింది. "మంజులా, ఆ కొత్త చీర కడితే మీ అమ్మమ్మ మా అత్తమ్మ లెక్క ఉంటది. బస్సు దిగి వచ్చిన ఎర్ర ముతక చీర ఉన్నది గదా, అదే కట్టుమను. గోచి పెట్టి కట్టుమను. కాళ్ళకు కడియాలు ఉన్నయా?" అన్నది.

అమ్ముకున్నం మేడం అని చెప్పిన. "అయ్యో, ఫొటోల బాగుండేవి" అన్నది.

నవ్వకు. నాకు నవ్వొస్తలేదు. ఇగో, ఇటు తిరిగి కూసో, తల దువ్వుత. కింద ఆ చప్పుడు ఏం లేదు, కుర్చీలు ఏస్తున్నరు. ఐదింటికి సభ. అంతలోపల నీతోని ఒక మాట తేల్చుకోవాలె. ఫోన్ల నీకు సగమే చెప్పిన. "అమ్మమ్మా, పట్నంల నీకు సన్మానం చేస్తరంట" అన్న. ఎందుకని నువ్వు అడగనే లేదు. శాలువా అనంగనే బస్సెక్కినవ్.

ఎందుకో ఇప్పుడు చెప్త. జర మనసు పెట్టి విను.

అశోక్ నగర్ల ఈ మేడ కింద హాలు ఉన్నది గదా, అది మూసీ తీర చరిత్ర మండలిది. పాత ముచ్చట్లు కాపాడుతరు వీళ్ళు. పాత ఇండ్లు, పాత ఫొటోలు, పాత పాటలు. పైన ఈ అర్ర నాకిచ్చిన్రు. కిరాయి లేదు, బదులుకు వాళ్ళ సభలన్నీ నేను చూసుకోవాలె. కాలానికొక సభ. ఎండకాలం హాలు ముందట పందిరేసి, పాత కూజాలు వరుసగ పెట్టి, వచ్చినోళ్ళకు అంబలి పోస్తరు. చలికాలం నారాయణగూడ గల్లీలల్ల పాత ఇండ్లు చూపిచ్చుకుంట నడక. పెద్దమనుషులంత మఫ్లర్లు చుట్టుకొని ముందట నడుస్తరు, నేను నీళ్ళ సీసాలు మోసుకుంట వెనుక నడుస్త. వానకాలం పాటల సభ, మక్క కంకులు. కంకులు కాల్చేది నేనే, మైకు చూసేది నేనే, అందరు పోయినంక కంకుల బొచ్చు ఊడ్చేది నేనే.

ఫర్వాలే అనుకున్న. సర్కారు కొలువుకు ఒక్క నోటిఫికేషన్ పడేదాక గదా. కోచింగుల చేరే తాకత్ లేదు, సెంట్రల్ లైబ్రరీ చెట్ల కింద సొంతంగనే చదువుకుంట. కానీ ఆ నోటిఫికేషన్ పడితేగా. తెలంగాణ వచ్చినంకనే అంటరు ఒకలు, దానికంటే ముందే అంటరు ఇంకొకలు. నాతోని వచ్చిన పిల్లలు కొందరు పెండ్లిళ్ళు చేసుకొని పోయిన్రు, కొందరు ఇంక ఆ చెట్ల కిందనే ఉన్నరు. మొదట్ల ఒకల వయసు ఒకలు అడిగి నవ్వుకుంటుండే. ఇప్పుడు ఎవ్వలు ఎవ్వలని అడగరు.

ఊర్లె ఏమంటరు, "ఆఫీసరమ్మ ఎప్పుడొస్తది?" అంటరు గదా. నువ్వు చెప్పకున్న నాకు తెలుసు.

ఆ కిటికి తెరుద్దామని చూడకు, రాదు. మేకులు కొట్టి ఉన్నది, అది తెరిచినా గజం దూరంల పక్క హాస్టలు గోడ. మంచం మీద ఎల్లెలుకల పండుకొని చూస్తే మాత్రం రెండు గోడల నడుమ జరంత ఆకాశం కనబడతది. కొంగంత. ఆ కొంగు చూసుకుంటనే ఒకనాడు పాట కట్టిన.

అవును, నేనే. "నానబోసిన గింజనమ్మా" నేను కట్టిన పాట.

గట్ల చూడకు. పూర్తిగ విను.

మొదలు దాన్ని పాట అనలే, కవిత అన్న. కాగితం మీద మంచిగ రాసి, కింద నా పేరు పెట్టి, సూర్యప్రకాశరావు సారుకు ఇచ్చిన. ఆయన కార్యదర్శి, బర్కత్‌పురల ఉంటరు. చెడ్డ మనిషి కాదు, అది ముందే చెప్తున్న. నాకు జరం వస్తే ఇంటి నుంచి జావ కాసి పంపిచ్చిన మనిషి. కాగితం చూసి కండ్లద్దాలు సర్దుకున్నడు. "భావం ఉన్నదమ్మా, పట్టు లేదు. నువ్వు ఇంక చాన చదవాలె" అని మల్ల నా చేతిల పెట్టిండు.

సరే అనుకున్న. ఆయన చదువుకున్నోడు, ఆయనకు తెల్వదా. నాకు ఎవరు నేర్పిన్రు గనుక.

ఆ తర్వాత వానకాలం సభ వచ్చింది, రెండేండ్ల కింద. ఆనాడు బందు. పాడేటామె వరంగల్ నుంచి రావాలె, బస్సులు నడుస్తలేవు. చుట్టుపక్కలోళ్ళు మాత్రం నడుచుకుంట వచ్చి కూసున్నరు. కంకులు కాలినయి, పాట లేదు. సారు హాలంత పరేషాన్ అయి తిరిగి తిరిగి, నా దిక్కు చూసిండు. "మంజులా, నువ్వు పల్లెటూరిదానివే గదా. ఏదన్న ఒక నాట్ల పాట అందుకో" అన్నడు.

నేను ఊర్లె ఎన్నడున్న అమ్మమ్మా? చిన్నప్పుడే హాస్టల్ల ఏసిన్రు. సెలవులకు వచ్చినా నన్ను మడిల దిగనిచ్చినవా నువ్వు? "సదువుకునే పిల్ల, కాళ్ళు పాడయితయి" అని గట్టు మీద కూసోబెట్టేదానివి. నాట్ల పాట ఒక్కటి గూడ రాదు నాకు. సారు మైకు ముందట నిలబెట్టిండు. నోటికి వచ్చింది అదొక్కటే. దానికే జరంత రాగం పెట్టి పాడిన.

నానబోసిన గింజనమ్మా, సల్లే మడి ఏడనో
మూటల్నే మొలకొచ్చెనమ్మా, ముడి ఇప్పే చెయ్యేడనో
కిటికి సందున సూస్తినమ్మా, కొంగంత ఆకాశమే

పాడి కండ్లు తెరిస్తే సారు కండ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నడు. నిజం, తడి అయినయి. లేచొచ్చి మైకు తీసుకొని ఏమన్నడో తెలుసా. "ఇది కనీసం నూరేండ్ల పాట. కిటికి అంటున్నది, వినండి. ఆ రోజులల్ల గుడిసెకు కిటికి ఏడుంటది? గడీకి ఉంటది. ఏ దొర గడీల బందీ అయిన తల్లి కట్టుకున్న పాటనో ఇది. ఆ తల్లికి పేరు లేదు" అన్నడు.

చప్పట్లు ఆగలే.

పేరు కింద ఉన్నప్పుడు పట్టు లేదు. పేరు లేదన్నంక నూరేండ్లది అయింది.

నేను నోరు తెరిచిన, ఒట్టు. "సారు, అది" అన్న. అప్పటికే మైకు నా మూతి దగ్గరికి తెచ్చి "మీ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవా?" అని అడుగుతున్నడు. అందరు నా దిక్కే చూస్తున్నరు. ముందు వరుసల దమయంతి మేడం రెండు చేతులు గుండె మీద పెట్టుకొని కూసున్నది. ఏం చెయ్యాలె. తలకాయ ఊపిన.

ఆ ఊపుడు ఇంక ఆగలే. "ఎండకాలానికి మీ అమ్మమ్మ దగ్గర ఏమన్న ఉన్నదా?" అంటే, నీళ్ళ మీద ఒకటి కట్టిన. చలికాలం వస్తే కుంపటి మీద ఒకటి. కాలం మారితే చాలు, నీ పేరు మీద ఒక పాట. సభకు వారం ముందు సారు ఫోను చేస్తడు, "లక్ష్మవ్వ గారు ఏమన్నరు?" అని. నువ్వు ఆడ కలుపు తీసుకుంటున్నవ్, ఈడ నువ్వు పెద్ద పాటగత్తెవు. ఇప్పుడు పుస్తకం గూడ ఏస్తున్నరు. పేరు "లక్ష్మవ్వ పాటలు".

సంబురపడుతున్నవా? పడు. నేను వద్దంటలేను.

మొన్న ఉండబట్టలేక సారుకు చెప్పిన. కూసోబెట్టి చెప్పిన, అవి నేను కట్టిన పాటలు అని. కోపం చేస్తడు అనుకున్న. నవ్విండు అమ్మమ్మా. చాన ప్రేమగ నవ్విండు. "పాడేటోళ్ళందరు ఇట్లనే అంటరమ్మా. పాడి పాడి నాదే అనిపిస్తది. అది తప్పు గాదు" అన్నడు. కాగితం ఇచ్చిన గదా సారూ అంటే, ఆయనకు యాదికే లేదు. మల్ల తనే అన్నడు, "అయినా మంజులా, నువ్వు అశోక్ నగర్ల కూసొని రాస్తే అది ఒక అమ్మాయి రాసుకున్న పాట. లక్ష్మవ్వ పాడితే ఒక కాలం పాడినట్టు."

కొట్లాడాలె అంటవ్. ఏమని కొట్లాడాలె? నన్ను నమ్మితే దొంగనయిత, ఇన్నాళ్ళు అందరిని ఆగం చేసినదాన్నయిత. నమ్మకపోతే అమ్మమ్మ పాట గుంజుకునే మనుమరాలినయిత. ఎటు తిరిగినా ఈ గోడనే.

అందుకే నిన్ను పిలిచిన. శాలువా కోసం కాదు. నా మాట నమ్మరు గాని నీ మాట నమ్ముతరు. స్టేజి మీద సారు నిన్ను అడుగుతడు, "లక్ష్మవ్వా, ఈ పాట నీకు ఎవరు నేర్పిన్రు?" అని. నువ్వు ఒక్కటే చెప్పు. "నా పాట కాదయ్యా, మా మంజుల కట్టింది." అంతే. ఇంకేం మాట్లాడకు. కోపం చేస్తే చెయ్యనీ. అర్ర పోతే పోనీ. నా దోస్తు కుసుమ హాస్టల్ల ఆరుగురు పండుకునే కాడ ఏడోదాన్నయి పండుకుంట. పాట నాదయితది గదా.

ఏంది. మల్ల చెప్పు.

మీ అవ్వ పాడేదా?

మీ అవ్వ, అంటే మా అమ్మకు అమ్మమ్మ, ఈ పాట పాడేదంటున్నవ్. నువ్వు చిన్నగున్నప్పుడు, మడిల నడుము వంచి పాడేదంటున్నవ్.

అమ్మమ్మా, నేను నీకు నేర్పిన. పోయినేడు ఎండకాలం వాకిట్ల చింతపండు గింజలు తీసుకుంట కూసున్నం, యాదికి లేదా? నేను గుణుక్కుంటుంటే "ఇంకోపారి పాడు బిడ్డా" అన్నవ్. వానలు పడంగనే నాట్లల్ల నువ్వు ఎత్తుకున్నవంట. నీ పక్కన నాటేసే బుగ్గమ్మ నాకు ఫోన్ల చెప్పింది, "మీ అమ్మమ్మ కొత్త పాట తెచ్చింది, మా వరుసంత అదే పాడుతున్నం" అని. కొత్త పాట అన్నది ఆమె. నా చెవులతోని విన్న.

బుగ్గమ్మ గూడ వాళ్ళ అత్త పాడేదంటున్నదా ఇప్పుడు.

మంచిది.

ఏడుస్తలేను. చిక్కు పడ్డది, దువ్వెన దిగుతలేదు. తల కదిలియ్యకు.

సరే, ఒక్క పని చెయ్యి. మీ అవ్వ ఎట్ల పాడేదో అట్లనే ఒకసారి పాడు, మెల్లగ. నీకు ఇప్పుడే చూపిస్త. అండ్ల కిటికి ఉన్నది గదా. మీ అవ్వ గుడిసెకు కిటికి ఉండెనా? లేదు. మన ఊరికి గడీ ఉండెనా? అది గూడ లేదు. ఇంక ఆ కిటికి ఏడికెళ్ళి వచ్చింది? ఇగో, ఈ మేకులు కొట్టిన కిటికి అది. స్టేజి మీద అదొక్కటి చూపిస్త సారుకు, అయిపోతది. పాడు.

ఊఁ.

ఊఁ, మొలకొచ్చెనమ్మా. తర్వాత.

ఆగు. ఆ ఆఖరుది మల్ల పాడు.

"మూట సందున సూస్తినమ్మా, మూరెడంత ఆకాశమే."

కిటికి ఏది అమ్మమ్మా?

గింజకు కిటికి ఏడుంటది, అంటున్నవ్.

అవును. మూటల ఉన్న గింజ మూట సందుల నుంచే చూస్తది. కిటికిల నుంచి ఎట్ల చూస్తది. నాకు ఎందుకు తట్టలే. నువ్వు మార్చినవా, నాటేసుకుంట నాటేసుకుంట ఆడోళ్ళంత మార్చిన్రా? తెల్వదు అంటవ్. మీ అవ్వ ఇట్లనే పాడేదంటవ్.

మల్ల ఒకసారి పాడు. లేదు, సభ కోసం కాదు. నాకు వినాలనున్నది.

నీదే బాగున్నది. నాకు కోపం ఎందుకంటే, నిజంగనే బాగున్నది. ఆనాడు సారు పట్టు లేదంటే ఏందో తెల్వలే, ఎన్ని పుస్తకాలు చదివినా దొరకలే. ఇదన్నట్టు. నేను గింజ పేరు చెప్పి నా అర్ర ముచ్చట పెట్టిన. మీరు నా అర్ర తీసి అవతల పడేసిన్రు, పాట కుదిరింది. ఇప్పుడు అండ్ల నేను ఏడున్న? ఎవరన్న అడిగితే ఏం చూపియ్యాలె?

వస్తున్నం సారూ. రెండు నిమిషాలు. చీర కడుతున్న.

పిలుస్తున్నరు. లే. పెట్టె తియ్యి, ఆ కొత్త చీరనే తియ్యి. గోచి లేదు ఏం లేదు, కుచ్చిళ్ళు పెట్టి కడత. ఫొటోల బాగుండకపోతే పోనీ, దమయంతి మేడం అత్తమ్మ లెక్కనే ఉండు ఒక్కనాడు. ఇదొక్కటన్న నా మాట నడవనీ.

ఎవరు నేర్పిన్రు అంటే, నీకు ఏది నిజమనిపిస్తే అది చెప్పు. మా అవ్వ అనే చెప్పు. నీ నోట్ల నుంచి నా పేరు గుంజి తెప్పిచ్చుకొని నేనేం చేసుకోవాలె. నువ్వు అబద్ధమాడినట్టు ఉంటది.

చెయ్యి ఇయ్యి. మెట్ల మీద లైటు లేదు, మెల్లగ దిగు. నేను పక్కనే కూసుంట. నువ్వు ఎత్తుకో, నేను వెనుక అందుకుంట. కిటికి లేకుంటనే పాడుత.

అది ఎట్లాగు ఎన్నడు తెరుచుకోలే.