ఒకటికి రెండు ఉంగరాలు

మలేసియాలోని కెలాంతన్ తీరంలో, ఆరబెట్టిన వలల చాటున, ఆమె తనకు నిశ్చయమైనవాణ్ణి బతిమాలుతోంది.

“ఈ పెళ్ళి వద్దని నువ్వే చెప్పు.”

“నువ్వే చెప్పొచ్చుగా?”

“ఆడపిల్లవాళ్ళు కాదంటే, నిశ్చితార్థానికి మీరు పెట్టిన ఒక ఉంగరానికి రెండు తిరిగివ్వాలి, అది మన ఆచారం. రెండోది కొనాలంటే నాన్న పడవ అమ్ముకోవాలి.”

“నేను కాదంటే ఉంగరం నీకే పోతుంది. అది మా అవ్వది. అమ్మ నన్ను గడప తొక్కనివ్వదు.”

“అంటే... నీకూ ఇష్టం లేదా?”

“నువ్వు కాదంటావేమోనని ఇన్నాళ్ళూ కాచుకుని కూచున్నా.”

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

“మరి నన్నెందుకు రమ్మన్నావు?”

“పెళ్ళిబట్టలు ఏ రంగో అడిగి రమ్మంది అమ్మ.”

ఆమె కళ్ళు తుడుచుకుంది.

“ఏదో ఒకటి చెప్పు. ఎలాగూ ఇద్దరం ఒకటే రంగు కట్టుకోవాలిగా.”