గుమ్మం ఊడ్చిన మనిషి

గూరి లార్స్‌డాటర్, ఇరవై ఆరేళ్లు, రోజూ పొద్దున్నే గుమ్మం ఊడ్చేది. రాసుకో డెల్మర్. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని నా మొహం చూస్తే ఎలా? నువ్వు చెక్కబోయే రాయి మీద లేనిది ఈ ముక్కే.

తెలుసు, ఓర్లిన్ ఇచ్చిన కాగితం నీ దగ్గరుంది. అందులో ఏముందో చూడకుండా చెప్తాను విను. ‘వదిలేసిన బీడుని పొలం చేసిన తొలి సెటిలర్ తోర్‌స్టెయిన్ బ్రాటెన్, అతని భార్య.’ అంతే కదా? అతని భార్య. అంత గ్రానైట్ మీద ఆవిడ పేరుకి చోటు చాల్లేదట. గోధుమ కంకి బొమ్మకి మాత్రం చాలింది.

ఓర్లిన్ నాకు వరసకి తమ్ముడే, కాదనను. తోర్‌స్టెయిన్ మా ఇద్దరికీ ముత్తాత. ఆ పొలం ఇప్పుడు దున్నేది వాడే. శనివారం చుట్టాలందరూ చర్చి వెనక చేరతారు. లెఫ్సా రొట్టెలూ, నీళ్లలాంటి కాఫీ. వాడు రాయి మీద గుడ్డ లాగి ఏటా చెప్పేదే చెప్తాడు. మా ముత్తాత పొలానికి పోయేముందు తన గుమ్మం తానే ఊడ్చుకునేవాడు, భార్యకి ఒంట్లో ఓపిక ఉండేది కాదు, అంత మంచి మనిషి అని. ఆడవాళ్లం అబ్బా అంటాం. నేనూ అన్నాను, ముప్పై ఏళ్ల పైన.

ఒక పూట చీపురు పట్టుకున్నందుకు మగవాడికి నూరేళ్ల పేరు, చూశావా?

సరే, అసలు సంగతికి వస్తాను. ఆ కాఫీ ఇటు పెట్టు.

ఆ నేల కోసం సర్కారుకి మొదట అర్జీ పెట్టింది మా ముత్తాత కాదు. అది ఊళ్లో అందరికీ తెలుసు. లార్స్ డాటర్ అనే బ్రహ్మచారి ఒకడు పెట్టాడు, తాగుబోతు, మిడతల దండు వచ్చిన ఏడు అన్నీ వదిలేసి పారిపోయాడు, అప్పుడు మావాడు వచ్చి బాగుచేశాడు. నువ్వూ బడిలో చదివావు. ఎవరు చదివించారు? నేనే. ఆరో తరగతిలో, నేను రాసిన పుస్తకంలోంచి.

పోయిన నెల ఆ అర్జీ తాలూకు ఫైలు తెప్పించాను. పట్టిక కాదు, మొత్తం కట్ట. పట్టికలో ‘డాటర్, జి. లార్స్’ అని ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ ఒక్క వరసే చూస్తూ వచ్చాను. లోపలి కాగితాలు ఎప్పుడైనా చూశానా? లేదు.

నీ ఇంటిపేరేంటి? ఓల్సెన్. అంటే మీ పూర్వీకుల్లో ఎవడో ఓలే కొడుకు. నార్వేలో కొడుకైతే సెన్, కూతురైతే డాటర్. లార్స్ కూతురు లార్స్‌డాటర్. అక్కణ్ణుంచి అమెరికా వచ్చి ఓడ దిగిన పిల్ల తన పేరు చెప్పింది, భూముల ఆఫీసులో గుమాస్తా దాన్ని మధ్యకి విరిచి రాశాడు. ఒక్క ఖాళీ జాగా, డెల్మర్. ఆ జాగాలోంచి ఒక మగవాడు పుట్టుకొచ్చాడు.

‘కొత్తగా ఉందే’ అంటున్నావు. మన ఊళ్లో ఆ మాటకి అర్థం నాకు తెలీదనుకున్నావా? నచ్చలేదని. ఎవరింట్లో కూర మాడినా అదే మాట అంటాం. పర్లేదు, నచ్చకపోనీ, విను.

అప్పట్లో ఊరికే ఇచ్చేవాళ్లు కాదు నేలని. ఐదేళ్లు అక్కడే కాపురమున్నట్టు ఇద్దరు సాక్షులు ప్రమాణం చేస్తేనే పట్టా. పక్క పొలం హాల్వర్‌ని అడిగారు, ఆమె అక్కడే ఉంటోందని నీకెలా తెలుసు అని. ఆయన చెప్పిన జవాబు నాకు కంఠతా వచ్చేసింది. ‘మా చేలోంచి కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే గుమ్మం ఊడుస్తుంది.’

గడ్డిపెళ్లలు పేర్చి కట్టిన మట్టిల్లది. దానికి ఊడవడమేంటి? మట్టి ఊడిస్తే కింద ఇంకాస్త మట్టి. అయినా ఊడ్చింది. పక్కవాడు చూడాలని ఊడ్చింది, ఐదేళ్లు. మిడతలొచ్చిన ఏడు కూడా. మగవాళ్లు నలుగురు ఆ ఏడు వెళ్లిపోయారట, హాల్వరే చెప్పాడు. ఆవిడ పోలేదు.

తొలి అన్న మాట కూడా తీసెయ్. ఆ ఇంటి పునాదికి రాళ్లు ఎక్కడివని హాల్వర్‌ని అడిగితే, అక్కడే గుండ్రంగా పేర్చి ఉన్నాయన్నాడు. గుండ్రంగా ఎవరు పేర్చారంటావు? ఇక్కడి ఆదివాసులు, డకోటా వాళ్లు, గుడారాల అంచున పెట్టుకున్న రాళ్లవి. పదేళ్ల ముందు తరిమేశారు వాళ్లని. మా గూరి ఆ రాళ్లు తీసి ఇల్లు కట్టుకుంది. మంచిది అని చెప్పడానికి రాలేదు నేను. ఉంది అని చెప్పడానికి వచ్చాను.

తోర్‌స్టెయినా? ఆయన తర్వాత వచ్చాడు, హాల్వర్ దగ్గర పనివాడిగా. పట్టా వచ్చిన మరుసటి ఏడు ఆవిణ్ణి చేసుకున్నాడు. మూడో నెలలో పొలం ఆయన పేరున రాసిచ్చింది. ఎందుకు రాసిచ్చింది అని నన్నడక్కు. నా ఇల్లు మా ఆయన పేరున ఎందుకుందో అదీ చెప్పలేను.

ఏంటీ, వెనక వైపు చెక్కుతావా? ముందువైపు ఓర్లిన్ రాత, వెనకవైపు గూరి. అంటే ఈసారి కూడా గుమ్మం బయటే నిలబెడతావన్నమాట.

తెలుసులే. రాయి ఓర్లిన్‌ది, వాడు సరేనంటే తప్ప నువ్వు ఉలి పెట్టలేవు. వాడికి చెప్పాలి. వారం నుంచి ఫోను ఎత్తడం, పెట్టేయడం. ఎందుకో తెలుసా? వాడడిగే మొదటి మాట నాకు తెలుసు. ఇప్పుడు నీ నోట్లో ఉన్నదే. డాటర్ అనేవాడే లేకపోతే, వాడు తాగుతాడని ఎవరు చెప్పారు?

ఎవరూ చెప్పలేదు.

మా అమ్మమ్మ సిగ్రిడ్, గూరి కూతురు. చిన్నప్పుడు ఇంట్లో పాత పట్టా కాగితం మీద పేరు చూసి వాళ్లమ్మని అడిగిందట, ఎవరీ లార్స్ డాటర్ అని. ‘ఇక్కడ ముందుండేది. పోయింది’ అందట గూరి. ‘పోయింది’ అనే అందట. అమ్మమ్మకి ఆవిడ నార్వే యాస నవ్వులాట. ఇంగ్లీషులో ఆడా మగా కలిపేసేది మా అమ్మ అని నవ్వుతూ చెప్పేది. నేనూ నవ్వాను. పుస్తకంలో ‘పోయాడు’ అని దిద్దాను. నీ నోటు పుస్తకాలు దిద్దినట్టే.

ఆ తర్వాత, మంచి నేల వదిలి ఎవడైనా ఎందుకు పోతాడు, చదివేవాళ్లు అడగరా అనిపించింది. టైపు మిషన్ ముందు కూర్చుని తాగుబోతు అని కొట్టాను. ఒక్క మాట. చాలా బాగా కుదిరింది. జిల్లా మ్యూజియంలో పెట్టారు, బడిలో చెప్పారు, ఓర్లిన్ నీకిచ్చిన కాగితంలో ‘వదిలేసిన బీడు’ దాని పిల్లే. మా ముత్తవ్వని నేను తాగుబోతుని చేశాను, డెల్మర్. ఓపిక లేని భార్యని కూడా నేనే చేశాను. అది కూడా ఎవరూ చెప్పలేదు. తోర్‌స్టెయినే ఊడ్చేవాడని, వాళ్లమ్మ కాదని మాత్రమే అమ్మమ్మ చెప్పింది. ఎందుకు ఊడ్చేవాడో నేను పూరించాను.

ఈ ఊళ్లో చరిత్ర అంటే ఆర్లిస్ టీచర్ని అడుగు అంటారు. శనివారం నుంచి అనరు. పోనీ. డెబ్బై రెండేళ్లొచ్చాయి, ఇంకా ఎన్నాళ్లు అడుగుతారు?

ఫోను ఇటు జరుపు. ఓర్లిన్ నంబరు నాకు తెలుసు. ముందువైపే చెక్కుతావు, అర్థమైందా, నేను వాడితో మాట్లాడాక. పూర్తి పేరు, మధ్యలో జాగా లేకుండా.

మోగుతోంది. ఇంకొక్కటి, వాడు ఎత్తేలోపు చెప్పేస్తాను. పొలం రాసిచ్చాక గూరి ఇంకో నలభై మూడేళ్లు బతికింది. ఆ గుమ్మం మళ్లీ ఒక్కసారి కూడా ఊడవలేదు.