బుట్టెడు గుడ్ల మొక్కు

ఏప్రిల్ ఎండలో, బడి హాలు బయట తల్లులు గుంపుగా నిలబడి ఉన్నారు. లోపల సైన్యంలోకి ఎవరు వెళ్ళాలో తేల్చే లాటరీలో కొడుకులు ఒక్కొక్కరే కుండలో చెయ్యి పెట్టి చీటీ తీస్తున్నారు. నల్లదొస్తే ఇంటికి, ఎర్రదొస్తే సైన్యానికి.

"ఎండలోనే నిలబడ్డావేంటమ్మా? నీడకి రా."

"మా థన్వా ఇప్పుడే లోపలికెళ్ళాడక్కా. సరిహద్దులో మళ్ళీ కాల్పులట."

"ఎక్కడైనా మొక్కుకున్నావా?"

"నది ఒడ్డు బుద్ధుడి గుడిలో. నల్ల చీటీ వస్తే బుట్టెడు ఉడకబెట్టిన గుడ్లు పెడతానన్నాను."

"అయ్యో! ఆ బుద్ధుడికా?"

"ఏం? అడిగిందల్లా ఇస్తాడంటారుగా?"

"ఇదొక్కటి తప్ప. ఆయనకి సిపాయిలంటే ప్రాణం. సైన్యం తప్పించమని అడిగావో, ఎర్ర చీటీయే చేతిలో పెడతాడు."

"ఊరుకో అక్కా! ఎవరో పుట్టించిన మాటలు. నువ్వు చూశావా?"

"పోయినేడు మా పెద్దాడి కోసం నేనూ అక్కడే మొక్కాను."

"మరి... అతను?"

"సరిహద్దులోనే ఉన్నాడు. వారం నుంచి ఫోను లేదు. ఇవాళ చిన్నాడి వంతు. ఈసారి ఏ దేవుడికీ చెప్పలేదు."

"మైకులో పిలిచింది మావాణ్ణే! అక్కా, మొక్కు వెనక్కి తీసుకోవచ్చా?"

"ఇప్పటికే కుండలో చెయ్యి పెట్టేశాడమ్మా."