ఇంకొక్కసారే మార్చొచ్చు

కోవిల్‌పట్టి ఇంట్లో పాత కంప్యూటర్ ముందు సంగవి. ఫోన్‌లో ఆమె చిన్నాయన కుమారవేల్, విరుదునగర్ పప్పు మిల్లు నుంచి. మధ్యాహ్నం మూడు గంటలు.

“తాకొద్దంటే తాకొద్దు సంగవీ. ఆ డిస్కు చెడిపోయిందని పద్నాలుగేండ్లుగా చెప్తానే ఉండాను కదా.”

“చెడిపోలేదు చిన్నాయనా! అదే చెప్తాండా, నువ్వు వినవే! డిస్కు బాగుండాది. దాన్ని ఆడించే డీవీడీ డ్రైవుకే పట్టింపు, ఏ దేశం డిస్కని. జపాన్ వాళ్ళు అవ్వ మగ్గాన్ని వీడియో తీసి పంపిన డిస్కు ఇది, రెండో నంబరు. మన దేశం అయిదో నంబరు. డ్రైవు అయిదులో ఉంటే రెండో నంబరు డిస్కుని తెరవదు. అంతే. రోగమూ లేదు, నొప్పీ లేదు.”

“ఏమో. నాకదంతా తెలీదమ్మా.”

“నీకు తెలీదా?”

“తెలీదు.”

“ఈ కంప్యూటర్ కొన్నదే నువ్వు! వీధిలో సగం మందికి నేర్పించిందీ నువ్వే!”

“టైపింగు నేర్పిస్తి. అంతే. ఇప్పుడేమి? ఇక్కడ లారీ వచ్చి నిలబడుండాది.”

“నిలబడనీ. రేపు అవ్వ ఏడాది దివసం. చుట్టాలంతా వస్తారు. అవ్వ మాట్లాడేది లోకంలో ఈ ఒక్క డిస్కులోనే ఉండాది చిన్నాయనా. గోడమీద ఫోటోలో నోరు మూసుకోనుండాది. అవ్వ ఎప్పుడైనా నోరు మూసుకునిందా?”

“…లేదు. నిద్రలో కూడా లేదు.”

“నవ్వొద్దు. నాకు అవ్వ గొంతు మరిచిపోతాండాది. నిజంగా. ‘సంగూ’ అని పిలుస్తాదే, ఆ ఒక్కటే మిగిలుండాది చెవిలో. డిస్కు అంచున వెండి పొర లేస్తాండాది, వెలుగుకి పట్టి చూస్తే సూది బొక్కలు. ఈ దినం కాపీ తీసి పెన్‌డ్రైవులో వేసుకోకపోతే అంతే, అవ్వ రెండోసారి పోయినట్టే.”

“వేరే దోవ లేదా? ఏదో ప్లేయర్ వేస్తే ఏ నంబరైనా ఆడతాదంటారే…”

“ఓహో. అది నీకెట్ల తెలుసు?”

“ఎవరో చెప్పినారు.”

“ఎవరు?”

“ఎవరో! మిల్లులో ఎవరో!”

“పప్పు మిల్లులో. సరి. ఆ ప్లేయరూ వేసి చూస్తి. కాపీ కూడా తీసి చూస్తి. గళ్ళు గళ్ళుగా వస్తాండాది, పోగులు తెగిన చీర మాదిరి. తాళం డ్రైవు లోపలే ఉండాది, నంబరు కలవకపోతే బీగంచెవి ఇవ్వనంటాది. కొత్త డ్రైవుకని మూడు అంగళ్ళు తిరిగితే, ‘డీవీడీనా?’ అని మ్యూజియం చూసినట్టు చూసినారు. ఆన్‌లైన్‌లో అయితే సోమవారం వస్తాదంట. అందుకే నంబరు మార్చేచోట తెరిస్తి. తెరిస్తే…”

“తెరిస్తే?”

“మిగిలిన మార్పులు ఒకటి అని ఉండాది.”

“ఒకటి ఉంటే ఏమి?”

“డ్రైవు కొన్నప్పుడే మన అయిదో నంబరులో పెట్టి ఇస్తారు. తరవాత మనం అయిదుసార్లు మార్చుకోవచ్చు. అంతకుమించి లేదు. కంప్యూటర్‌ని కడిగి మళ్ళా అన్నీ ఎక్కించినా ఆ లెక్క పోదు, డ్రైవు కడుపులోనే రాసుకోనుంటాది. ఇప్పుడు ఒకటే మిగిలుండాది. అంటే నాలుగుసార్లు ఎవరో మార్చినారు.”

“వాడిన డ్రైవేమో. అంగడివాడు మోసం చేసుంటాడు.”

“బిల్లు ఇక్కడే ఉండాది. కొత్తది.”

“అయితే… అది వచ్చి… మా పెండ్లి డిస్కు ఉందే, దానికోసం ఎప్పుడో మారిస్తినేమో.”

“పెండ్లి డిస్కుకి నంబరే లేదు చిన్నాయనా. మనం తీయించుకున్న వీడియో డిస్కులకి దేశమే లేదు, ఎందులో వేసినా ఆడతాయి. పెట్టె మొత్తం తిరగేసి చూస్తి. నంబరున్న డిస్కు ఇది ఒక్కటే ఇంట్లో. ఎవరో రెండుకి మార్చి, అవ్వని చూసి, మళ్ళా అయిదుకి పెట్టినారు. ఇంకోసారి రెండు, మళ్ళా అయిదు. వెనక్కి పెట్టాల్సిన పనే లేదు! చూసినట్టు ఎవరికీ తెలియకూడదు అనుకుంటే తప్ప.”

“దానికి కాదు.”

“మరెందుకు?”

“ఒకరి మగ్గంలో కూర్చుంటే, లేచేటప్పుడు అది ముందు ఎట్ల ఉండిందో అట్లే పెట్టి లేయాల. చిన్నప్పటినుంచి మీ తాత వీపు వాయించి నేర్పించింది. చెయ్యి దానంతట అదే వెనక్కి…”

“దొరికినావు! దొరికినావు చిన్నాయనా! నువ్వే చూసినావు. చూసి, చెడిపోయిందని ఇంటికంతా చెప్పినావు. జపాన్ వాళ్ళు తీసిన బొమ్మలో నా మొగం నేనే చూడలేదే అని అవ్వ ఎన్నిసార్లు అనింది! పాపం అవ్వ. బతికుండంగా ఆమెకి కూడా చూపించకుండా…”

“అరవొద్దు. చెడిపోయిందని చెప్పమనింది అవ్వే.”

“ఏమి?”

“అవ్వే చెప్పమనింది. ఊరికే చూడలేదే చూడలేదే అంటా ఉండేది కూడా, తాత చెవిలో పడాలని.”

“ఎందుకు? అందులో ఏముండాది?”

“తాత పక్కనుండాడా?”

“లోపల పడుకోనుండాడు. చెప్పు. చెప్పకపోతే ఇప్పుడే నొక్కుతా, మౌసు మీదనే ఉండాది చెయ్యి.”

“నొక్కొద్దు! చెప్తా. జపాన్ వాళ్ళకి తమిళం రాదు కదా. ఒకరి మాట ఇంకొకరికి మార్చి చెప్పేదానికి మదురైనించి ఒకామె వచ్చె. కండ్లద్దాలు, నెత్తిన కొంగు. ఆ దినం తాత కయత్తారులో ఎవరి ఇంట్లోనో పంచాయితీకి పోయుండె. ఆమె ఎవరనుకున్నావు? జోతి.”

“జోతి అత్తా? మన జోతి అత్తా?”

“మెల్లగా! ఇంట్లో ఆ పేరు ఎత్తితే…”

“తెలుసు. తన ఇష్టానికి పెండ్లి చేసుకునిందని, జోతితో మాట్లాడినోళ్ళు ఈ గడప దాటి పోవాల్సిందేనని తాత వీధి మధ్యలో నిలబడి అన్నాడంట. మా అమ్మ చెప్పింది. అవ్వ పోయిన దినం కూడా అత్త వీధి చివర్నే నిలబడి, అట్లే తిరిగి పోయింది. నేను చూస్తి.”

“నేనూ చూస్తి. సరే విను. బొమ్మలో అవ్వ మగ్గం చూపిస్తాది. ముందు కొంచెం తమిళంలో మాట్లాడతాది. తరవాత మన తెలుగులోకి దిగిపోతాది. వచ్చినోళ్ళకి రెండూ ఒకటే కదా, ఏం తెలుస్తాది? కింద ఇంగ్లీషులో అక్షరాలు పడతాయి, ‘నూలుని గంజిలో ముంచి ఎండబెడతాము’ అని. అవ్వ అడిగేది ఏమంటే, ‘బిడ్డకి పండ్లు మొలిచినాయా? నీ పోలికా, నీ మొగుడి పోలికా?’ అని.”

“అయ్యో! ఆ అక్షరాలు రాసింది…”

“జోతే. ఇంకెవరు?”

“జపాన్ మొత్తం కూర్చోని, అవ్వ గంజి గురించి చెప్తాండాదని…”

“తలకాయ ఊపుకోనుంటారు. నవ్వు, నవ్వు. నేనూ నవ్వితి, తరవాత ఏడిస్తి. ఇంకోచోట కింద పడతాది, ‘ఒక చీర నేయడానికి నాలుగు దినాలు’ అని. అవ్వ అంటాది, ‘నీ స్కూలు సాయబులది, నీకు శుక్రవారమే సెలవు. మీ నాయన నూలుకి విరుదునగర్ పొయ్యేది బుధవారం. శుక్రవారమంతా ఇంట్లో గుండు మాదిరి కూర్చోనుంటాడు. నేనెట్ల వచ్చేది బస్టాండుకి? నీ బిడ్డని చూడకనే పోతానేమో జోతీ.’ పోగు కడతానే అంటాది. చెయ్యి ఒక్కసారి కూడా ఆగదు. సంగవీ? ఏడుస్తాండావా?”

“లేదు. దుమ్ము. చెప్పు.”

“తాత అది విని ఉంటే? అవ్వని ఇంట్లో ఉండనిచ్చేవాడా? దానికే చెడిపోయిందని చెప్తి. రేపు చుట్టాల ముందర వేస్తావా దాన్ని? ఎనభై రెండేండ్ల మనిషి. భార్య ఇన్నేండ్లు తనని మోసం చేసిందని, ఏడాది దివసం నాడు, అందరి ముందర తెలుసుకోవాల్నా?”

“అవ్వ తరవాత చూసిందా? బిడ్డని?”

“చూసింది. మారియమ్మ తల్లే కండ్లు తెరిచింది. డిస్కు వచ్చిన కొన్నాళ్ళకి తాత తానుగానే నూలు దినాన్ని శుక్రవారానికి మార్చుకున్నాడు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం, తొమ్మిది గంటల బస్సుకి తాత విరుదునగర్ రావుత్తర్ సాయబు నూలు కొట్టుకి, పది గంటలకి అవ్వ బెల్లం వేరుశెనగల కడలైమిట్టాయి పొట్లం చంకన పెట్టుకోని ఇక్కడ బస్టాండుకి. పన్నెండేండ్లు!”

“తాత నాకు పరోటా తెచ్చేది ఆ శుక్రవారాలేనా?”

“ఆ. పరోటా పొట్లం తప్పదు, నూలు మాత్రం ఎప్పుడూ ఉండదు. ‘బాగలేదు, వద్దనుకుంటి’ అంటాడు. మళ్ళా ఏ మంగళవారమో పోయి తెస్తాడు. అవ్వ లోపల నవ్వుకుంటాది, ‘పిచ్చి మనిషి, పరోటాకే పోతాడు’ అని.”

“సరే చిన్నాయనా. ఒకటి చెప్పు. నువ్వు ఎన్నిసార్లు చూస్తివి?”

“ఒకేసారి.”

“నిజంగా?”

“మీ అవ్వ మీద ఒట్టు. రెండుకి మారిస్తి, చూస్తి, అయిదుకి పెడితి. అంతే.”

“అది రెండు మార్పులు. ఇంకో రెండు? మా నాయన అప్పుడు తిరుప్పూర్‌లో. జోతి అత్త ఈ గడపే తొక్కలేదు. అవ్వకి మౌసు అంటేనే భయం, తోక ఉండాదని. నేను ఆరేండ్ల పిల్లని. ఇంక ఎవరు?”

“ఎవరూ లేరు. డ్రైవే తప్పు లెక్క చూపిస్తాండాది.”

“డ్రైవుకి అబద్దం తెలీదు చిన్నాయనా, మనుషులకే తెలుసు. ఆ రెండోసారి చూసినోళ్ళు కూడా మళ్ళా అయిదుకి పెట్టి లేచినారు. నీ మాదిరే. మగ్గం మాదిరి. అది నీకు ఎవరు నేర్పించినారంటివి?”

“…ఏయ్. ఆయనకి ఇంగ్లీషు అక్షరం రాదు.”

“అక్షరం ఎందుకు? నంబరు చాలు.”

“సంగవీ. తాత పడుకోనే ఉండాడా? సరిగ్గా చూడు.”

“ఉండు… తాతా! ఎంతసేపుగా నిలబడుండావు ఇక్కడ?”

“ఫోన్ స్పీకర్‌లో పెట్టి అరిస్తే నిద్ర ఎట్ల పట్టేది సంగూ? రేయ్ కుమారవేలూ, లారీ నిలబడుండాది అంటివే. పోలేదా?”

“నాయనా… అది వచ్చి నాయనా…”

“నువ్వు ఆడ కూర్చోని చూసేటప్పుడు వెనక మంచంమీద నేను పడుకోనుంటి. నిద్రపోతాండానని నీ లెక్క. పూల డిజైను నేసే జకార్డు మగ్గానికి నాలుగువందల అట్టలు వరస తప్పకుండా కట్టినోడిని. ఒక నంబరు మార్చేది రాదా నాకు?”

“నువ్వు మళ్ళా వేసుకోని చూసినావా తాతా? ఒక్కడివే?”

“మీ అవ్వ నీళ్ళకి పోయినప్పుడు. వాడు దొంగ మాదిరి చూస్తాండె, సరిగ్గా వినపడలేదు. దానికే.”

“కోపం రాలేదా?”

“రాకుండా? మూడు దినాలు అన్నం తినలేదు. కడుపు నొప్పి అని చెప్తి. మీ అవ్వ బాధ పడలేక ఓమం నీళ్ళు కూడా తాగితి.”

“మరి అమ్మని అడగొచ్చు కదా నాయనా? ‘పోయి చూసిరా’ అని ఒక్క మాట…”

“వీధి మధ్యలో అన్న మాటరా అది. అడిగితే ఆపాల. అడగకపోతే ఆపక్కర్లేదు. జోతి వీధి చివర్న నిలబడిందే ఆ దినం, అప్పుడైనా పిలవాల్సింది. నోరు రాలేదు. సంగూ, ఆ నంబరు రెండు పెట్టు.”

“పెడితే ఇంక మళ్ళా అయిదుకి రాదు తాతా. ఇదే ఆఖరు.”

“మంచిదే. రాకపోనీ. పెట్టు.”

“పెడతాండా… పెట్టేసినా. సున్నా. చిన్నాయనా, సున్నా! తెరుచుకునింది! కాపీ ఎక్కుతాండాది, గళ్ళు లేవు, ఏమీ లేవు…”

“రేపు జోతికి రమ్మని చెప్పు. బిడ్డతో. కింద పడే ఇంగ్లీషు అక్షరాలని చుట్టాలకి ఎవరు చదివి చెప్పేది? రాసిందే రావాల.”

“నాయనా, ఒకటి అడుగుతా. నూలు దినాన్ని శుక్రవారానికి మార్చుకుంటివే…”

“రావుత్తర్ కొట్టుకి శుక్రవారం సెలవురా.”