ముందే నింపిన పత్రాలు

టీచర్ల శిక్షణ ఇంకా మొదలే కాలేదు. హాల్లో చివరి బెంచీ మీద లెక్కల మాస్టారు అభిప్రాయ పత్రాలు చకచకా నింపేస్తున్నారు. కొత్తగా వచ్చిన శిక్షణాధికారిణి వెనకనుంచి చూసి గతుక్కుమంది.

“క్లాసు వినకుండానే ‘అద్భుతం’ అని రాసేశారేంటి మాస్టారూ?”

“విన్నాక రాయబుద్ధి కాదు మేడమ్.”

“మరి ఈ నలభై పత్రాలూ?”

“అందరివీ నేనే. అనుమానం రాకుండా నాలుగు రంగుల పెన్నులు తెచ్చుకున్నా.”

“ఈ శిక్షణంతా మార్చమని నన్ను పంపించారండీ. పాత పత్రాలు చూస్తే వంక పెట్టడానికే లేదు!”

“అవీ నా చేతి చలవే.”

కోపం రావాల్సింది, ఆమెకు నవ్వొచ్చింది. పక్కనే కూలబడింది.

“పోనీ, మీకేం నేర్పాలో మీరే చెప్పండి.”

పెన్ను ఆగింది.

“ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. భిన్నాల భాగహారంలో రెండో భిన్నాన్ని ఎందుకు తిరగేస్తాం మేడమ్? ఏటా ఆ పాఠం రాగానే నాకు జ్వరం వస్తుంది.”

ఆమె కళ్లజోడు తుడుచుకుంది.

“నాకూ తెలీదు మాస్టారూ. తిరగెయ్యమన్నారు, తిరగేశాను.”

“మీరూ మా బాపతేనన్నమాట!”

“తెలిసినవాళ్లే లేరా?”

“కిటికీ పక్కన నోట్సులు దిద్దుకుంటోందే, ఆ టీచరమ్మ. కాగితం మడిచి చూపిస్తే పిల్లలకి ఇట్టే ఎక్కేస్తుందట. మా బళ్లోనే, నా పక్క గదే.”

“పక్క గదా! ఒక్కసారైనా వెళ్లి కూర్చోవచ్చుగా?”

“తీరికేదీ? ఎప్పుడు చూసినా శిక్షణేగా!”

ఆమె లేచి, మైకు తీసుకుని తిన్నగా కిటికీ వైపు నడిచింది. మాస్టారు కంగారుగా జేబులు తడుముకున్నారు. పెన్నులు నాలుగున్నాయి గానీ, రాసుకోవడానికి నోటుబుక్కు లేదు.