చుక్కల గ్లౌజులు

ఒమాన్‌లోని రుస్తాఖ్‌లో దర్జీ దుకాణం. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయిన లింబాద్రి, మిషన్ సూది కింద బొంతను చేత్తో అటూ ఇటూ జరుపుతూ పూలతీగ కుట్టాలి. ఇవాళ కుట్టు చెడితే కాజాల పనికి మారుస్తానన్నాడు యజమాని అర్బాబ్. ఏసీ గాలి అందని పక్క మిషన్ దగ్గర గంగారాం వినోదం చూస్తున్నాడు.

“రబ్బరు గ్లౌజులా లింబన్నా? గిన్నెలు తోముతవా?”

“చెమటకు లోపల చెయ్యి జారుతున్నది. తీసేసిన.”

“మరి సైట్ల కూలీలేసుకునే గ్లౌజులు?”

“మందం. బట్ట చేతికి తెలుస్తలేదు.”

“మా ఊర్ల ఒకాయన కాళ్లతోని బొంత కుట్టిండు. ఏనుగు కప్పుకున్నా ఇంక మిగిలింది!”

“పిలిపియ్యి, కాజాలు కుడ్తడు.”

“గీ మూడో జతకేంది, చుక్కలు? చేతులకు అమ్మవారు పోసిందా?”

“రబ్బరు చుక్కలు. గట్టిగ పట్టే పనిలేదు, చెయ్యి ఆనిస్తే బొంత జరుగుతది. దారం పట్టనీకి రెండు వేళ్ల కొసలు కత్తిరించిన.”

మిషన్ టకటకలాడింది. తీగ మెలికలు తిరుగుతూ అంచుదాకా పోయింది. ఒక్క కుట్టూ తప్పలేదు.

“ఏదో... కుదిరింది తియ్యి.”

“కుదిరింది గని గంగన్నా, నేను కాజాలకు పోతనని అప్పుడే నువ్వు కూసునే మెత్త నా కుర్చీ పక్కకు తెచ్చిపెట్టినవా? తీస్కపో. ఈ ఏసీ గాలి ఇంకా నాదే.”