ఇనోకుమ ఇల్లాలు

అక్టోబరు చివర. రేవు ఊళ్ళో ఒక బేస్‌బాల్ ఆటగాడి వంటిల్లు, మధ్యాహ్నం భోజనం వేళ. పిచర్ విసిరే బంతుల్ని పట్టే క్యాచర్ కువబర, అతని భార్య సవాకో.

"చెయ్యి అయిపోయిందని చెప్తాను. అంతే."

"అంతే అంటే?"

"ఇనోకుమ పని అయిపోయింది, వచ్చే ఏడు మనకి వద్దు, పంపించెయ్యండి అని. రెండింటికి మేనేజరు ఫోన్ చేస్తాడుగా, అప్పుడు."

"ఆ అన్నం గిన్నె అందరిలా ఎడమ చేత్తో పైకెత్తి పట్టుకుని తినండి. అలా బల్ల మీద పెట్టి వంగి తింటే కుక్క తిన్నట్టుంది. మీ అమ్మగారు చూస్తే నన్నంటారు."

"వేడిగా ఉంది."

"వడ్డించి చాలాసేపయింది."

"అయినా వేడిగానే ఉంది. చేప బాగా కాల్చావు ఇవాళ."

"మాట మార్చకండి. మేనేజరు గారు మిమ్మల్నే ఎందుకడిగారు?"

"పదహారేళ్ళు వాడి బంతులు పట్టింది ఎవరు? వాడి భుజంలో ఏముందో వాడికంటే నాకే బాగా తెలుసు. నేను ఉంచమంటే ఉంచుతారు, వద్దంటే ఇంటికి పంపుతారు. ఆ వయసులో పిచర్‌ని ఇంకే టీమూ పిలవదు."

"అంటే ఆయన బతుకు మీ నోట్లో ఉంది."

"నా నోట్లో చేప ఉంది. ఇంకొంచెం చారు పొయ్యి."

"పోస్తాను. చెయ్యి నిజంగానే అయిపోయిందా?"

"వేసవి నుంచీ చూస్తున్నావుగా. నిన్నగాక మొన్న అవతలి టీముల్లోకి వచ్చినవాళ్ళు కూడా వాడి బంతుల్ని గోడ దాటిస్తున్నారు. ఆఖరి ఆటలో తొమ్మిదింటిలో మూడో ఇన్నింగ్స్‌కే మేనేజరు వచ్చి చేతిలో బంతి తీసేసుకున్నాడు. వాడు తలొంచుకుని నడిచొస్తుంటే జనంలో ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు."

"అది జనం సంగతి. నేను చెయ్యి సంగతి అడిగాను."

"రెండూ ఒకటేగా."

"వేసవి నుంచి అంటే, ఆయనకి తొగాషి కుర్రాడు క్యాచర్‌గా కూర్చోవడం మొదలుపెట్టినప్పట్నుంచి."

"ఆ పేరు అన్నం దగ్గర ఎత్తకు."

"ఏం?"

"ఏం లేదు. వాడికి గ్లవ్‌కి నూనె రాయడం కూడా రాదు. బంతి నేలకి తగిలి లేస్తే కళ్ళు మూసుకుంటాడు. అలాంటివాడు కావాలట ఇనోకుమ దొరగారికి. నా మొహాన చెప్పలేదు. మేనేజరు దగ్గరికి పోయి, ఇకనుంచి నాకు తొగాషి కూర్చుంటాడు అన్నాడట. నాకెలా తెలిసిందనుకున్నావు? బ్యాట్లు మోసే అతను చెప్తే."

"తెలుసు. చాలాసార్లు చెప్పారు."

"ఈల్ చేప సంగతి చెప్పానా?"

"అదీ చెప్పారు."

"నడివేసవిలో ఈల్ తింటే ఎండ పట్టదని ప్రతి ఏడూ నన్ను తీసుకెళ్ళేవాడు. డబ్బు నన్ను తియ్యనిచ్చేవాడు కాదు. ఈ ఏడు ఆ కుర్రాణ్ణి తీసుకెళ్ళాడు. అదే హోటలు. అదే కిటికీ పక్క బల్ల. నేను రోడ్డుకి ఇవతల నుంచి చూశాను."

"రోడ్డుకి ఇవతల మీరేం చేస్తున్నారు?"

"నడుస్తున్నాను."

"ఎంతసేపు నడిచారు?"

"వాళ్ళు తినడం అయ్యేదాకా."

"మీకు అసూయ."

"నాకా? ఒక మగాడు ఇంకో మగాడితో భోంచేస్తే నాకేంటి అసూయ?"

"క్యాచర్‌ని పిచర్‌కి ఇల్లాలంటారుగా. పేపరోళ్ళు మిమ్మల్ని ‘ఇనోకుమ ఇల్లాలు’ అని రాసినప్పుడల్లా ముసిముసిగా నవ్వుకుని, పైకి మాత్రం విసుక్కునేవారు. అప్పుడు గుర్తు రాలేదా మగాడినని?"

"అది ఆటలో మాట."

"నాకు ఆట కాదు. మన పెళ్ళి రోజు ఫిబ్రవరిలో. ఏనాడైనా ఇంట్లో ఉన్నారా? టీము శిక్షణ క్యాంపులో ఆయన పక్కన కూర్చున్నారు. మన అమ్మాయి యుకారి పుట్టినప్పుడు ఆయన భుజానికి ఐసు కడుతున్నారు. ఆయనకి నిద్ర పట్టకపోతే మీకు అన్నం సయించదు. ఆయన గెలిస్తే నాకు ఆయన కబుర్లు, ఓడిపోతే నాకు మూతి ముడుపు. ఈ ఇంట్లో నాకు సవతి ఎవరైనా ఉంటే ఆయనే."

"అయితే ఇంకేం, సవతి పోతున్నాడు. పండగ చేసుకో."

"చేసుకునేదాన్నే. మీరు అబద్ధం చెప్పి పంపిస్తున్నారు, అది మింగుడు పడటం లేదు."

"అబద్ధమని ఎవరన్నారు?"

"మీరే. చెయ్యి గురించి అడిగితే చప్పట్ల గురించి చెప్పారు."

"ముల్లంగి ఇంకో రెండు ముక్కలు వెయ్యి."

"వెయ్యను. చెప్పండి."

"చెయ్యి బాగానే ఉంది."

"బాగానే అంటే?"

"వేగం లేదులే. అది ఎప్పుడో పోయింది. పోయిందని ఎవరికీ తెలియకుండా వాడూ నేనూ కలిసి నెట్టుకొచ్చాం. కానీ వాడి ఫోర్క్ బంతి ఉంది చూడు, రెండు వేళ్ళ మధ్య ఇరికించి వేస్తాడే, బ్యాటు దాకా తిన్నగా వచ్చి కాళ్ళ దగ్గర కూలబడుతుంది. అది చెక్కు చెదరలేదు. ఇంకో రెండేళ్ళు నిక్షేపంగా తిండి పెడుతుంది."

"మరి అందరూ ఎలా కొడుతున్నారు?"

"ఏ బంతి వస్తోందో ముందే తెలిసిపోతోంది."

"ఎలా?"

"గ్లవ్. బంతిని గ్లవ్‌లో దాచి పట్టుకుంటాడుగా. ఫోర్క్ వెయ్యాలంటే లోపల వేళ్ళు విడదియ్యాలి. విడదీస్తే గ్లవ్ ఒక పక్కకి ఉబ్బుతుంది. కొంచెమే. చూడ్డం తెలిసినవాడికి చాలు. ఉబ్బితే ఆ బంతిని వదిలేస్తారు, ఉబ్బకపోతే బాదుతారు."

"ఎప్పట్నుంచి ఉంది ఈ అలవాటు?"

"మొదటి ఏడు నుంచి."

"ఇన్నేళ్ళూ ఎవరూ పట్టుకోలేదా?"

"నేను పట్టుకోనివ్వలేదు. ఏ బంతి వెయ్యాలన్నా సరే, ముందు వేళ్ళు విడదీసి ఫోర్క్ పట్టు పట్టు, తర్వాత మార్చుకో అన్నాను. ఇక గ్లవ్ ప్రతిసారీ ఉబ్బుతుంది. ఎవడికేం తెలుస్తుంది?"

"ఎందుకని ఆయన అడగలేదా?"

"అడిగాడు. నిజం చెబితే వాడి బుర్రంతా ఆ గ్లవ్‌లోనే ఇరుక్కుపోతుంది, బంతి వెయ్యడం మర్చిపోతాడు. వాడి సంగతి నాకు తెలియదా? అది నా సెంటిమెంటు, అలా చేస్తే నాకు కలిసొస్తుంది అన్నాను. నవ్వాడు. సరే, నీకోసం అన్నాడు. అప్పట్నుంచీ నాకోసమే చేశాడు."

"తొగాషి వచ్చాక మానేశారు."

"తొగాషి కోసం ఎందుకు చేస్తాడు?"

"మీరేమో చూస్తూ కూర్చున్నారు."

"బెంచీ మీద కూర్చుని చూశాను. గ్లవ్ ఉబ్బడం, బ్యాటు పట్టుకున్నవాడు లోపల్లోపల నవ్వుకోవడం, అంతా."

"ఒక్క మాట చెబితే పోయేదిగా. ఆయనకి కాకపోతే ఆ కుర్రాడికి."

"అడగాల్సింది వాడు. వచ్చి, కువబరా, నాకేమైందిరా అని ఒక్కసారి అడిగితే చెప్పేవాణ్ణి. రాలేదు. ఎదురుపడితే పక్కకి చూసి వెళ్ళిపోతున్నాడు. నన్ను అంత తేలిగ్గా వదిలేసినవాడికి నేనెందుకు చెప్పాలి?"

"వదిలెయ్యకపోయి ఉంటే ఏం చేసేవారు?"

"ఏం చేసేవాణ్ణి? వాడికి ఇంకో రెండేళ్ళు ఇవ్వండి, పూచీ నాది అని మేనేజరుతో తెగేసి చెప్పేవాణ్ణి. ఇంత అడగాలా?"

"ఫోన్ మోగుతోంది."

"వినపడుతోంది. తొందరెక్కువ ఈయనకి."

"ఉండండి. ముందు ఆ గిన్నె ఎత్తండి."

"ఏంటి నీ గోల?"

"ఎడమ చేత్తో. ఒక్కసారి ఎత్తండి, తర్వాత ఫోన్ ఎత్తుదురుగాని."

"ఇదిగో, ఎత్తాను. చాలా? అయ్యో."

"వదిలెయ్యండి, మెతుకులు నేను ఏరుకుంటాను. జారిపోతుందని తెలుసు నాకు. వసంతంలో చెర్రీ పూలు పూసినప్పట్నుంచీ మీ చూపుడు వేలికి స్పర్శ లేదు. ఆయన బంతులన్నీ ఆ వేలి మొదట్లోనే తగిలేవి. వేడి అంటారు, ఆకలి లేదంటారు, వంగి తింటారు. నిద్రలో ఆ వేలు తెల్లగా పాలిపోయి ఉంటే నేను రుద్దుతుంటాను. మీరు నిద్రపోతున్నట్టు నటిస్తారు."

"డాక్టరుకి తెలిస్తే ఆడనివ్వరు, సవాకో."

"అందుకే డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు నేను."

"మరి ఎక్కడికి వెళ్ళావు?"

"ఆయనింటికి. వేసవికి ముందు వచ్చే వానలు తగ్గుతుండగా, ఒక పుచ్చకాయ పట్టుకుని. మా ఆయన వేలు పోయేలా ఉంది, చెబితే వినరు, మీరే వేరే ఇల్లాల్ని చూసుకోండి అన్నాను. నేనడిగానని చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. ఆయన చాప మీద నుదురు ఆనించి, ఇన్నాళ్ళు మీవారిని నా దగ్గరే ఉంచేసుకున్నాను, క్షమించండమ్మా అన్నారు."

"వాడు అలా అన్నాడా?"

"అన్నారు. వేలి కోసమే వెళ్ళానని మీతో చెప్పగలను, మీరు నమ్ముతారు. కానీ తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా నాకు ఎంత సంతోషంగా ఉందో మీకు తెలియదు."

"ఫోన్ ఆగేలా ఉంది."

"ఎత్తండి మరి. ఆయన మిమ్మల్ని వదల్లేదు. నేనే లాక్కున్నాను."